బీఫ్ చీజ్ పఫ్‌లు ఇంట్లో చేస్తే అడుగు తడిసిపోతంది, చీజ్ అంతా ట్రేలోకి వచ్చీస్తంది, తెలిసినోళ్ళు చెప్పండి

ఇజీనారం అమ్మ:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. మా బాబు వైజాగ్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు, సంక్రాంతి సెలవలకి వచ్చినప్పుడు చెప్పాడు వాళ్ళ ఫ్రెండ్ ఇంట్లో ఏదో తిన్నాడంట, మన బేకరీ పఫ్ లాగే ఉంటాదంట గాని లోపల బీఫ్ ఖైమా, చీజ్ పెట్టి ఓవెన్‌లో కాల్చారంట, అమ్మా నువ్వు చెయ్యవా అని అడిగాడు. వాడు ఏదీ నోరు తెరిచి అడిగే పిల్లోడు కాదు, హాస్టల్లో పప్పు నీళ్ళలాగ ఉన్నా ఫోన్లో బాగుందనే చెప్తాడు. అలాంటోడు అడిగాడు కదా, పరీక్షలు అయిపోయి ఇంటికి వచ్చేసరికి నేర్చుకుని పెట్టాలని నా తాపత్రయం.

ఇప్పటికి రెండుసార్లు చేసాను. మా అత్తమ్మ పెద్దకూర వండితే వీధి చివరికి వాసన వస్తాది, ఆవిడ చేతి ఖైమా కూరే లోపల పెట్టాలని నా కోరిక. మైదాలో బటర్ కలిపి, ఒత్తి, మడతలు వేసి, మళ్ళీ ఒత్తి, వీడియోల్లో చూపించినట్టే చేసాను. మొదటిసారి ఎనిమిది చేస్తే ఐదు పక్కల నుంచి విడిపోయి చీజ్ అంతా ట్రే మీదకి కారి నల్లగా మాడిపోయింది. పై భాగం చూస్తే రంగు బాగానే వచ్చింది, తిప్పి చూస్తే అడుగు తెల్లగా, వానలో తడిసిన అట్టముక్క లాగ వేలు పెడితే లోపలికి దిగిపోతంది. రెండోసారి ఇంకా కాలనీ అని 40 నిమిషాలు ఉంచాను, పైన గట్టిపడిపోయి పళ్ళకి తగిలింది, అడుగు మాత్రం అలాగే ఉంది. పొరలు పొరలుగా రావడం అన్నది అసలు లేదు, చపాతీ పిండి కాల్చినట్టు ముద్దగా ఉంది.

నా దగ్గర చిన్న ఓటీజీ, అదే కరెంటు ఓవెన్, ఉంది, దానికి పైన ఒక నాబ్ కింద ఒక నాబ్, ఏవో గుర్తులు ఉన్నాయి, నేను 200 మీద పెట్టి టైమ్ తిప్పీసాను అంతే. చీజ్ ఏది వాడాలో కూడా తెలీదు, పిజ్జా చీజ్ అని ప్యాకెట్ తెచ్చాను. తప్పు పిండిలో ఉందా కూరలో ఉందా ఓవెన్‌లో ఉందా ఏటీ అర్థం కావట్లేదు. మా ఇంట్లో ఆ మాంసం వారానికి ఒకసారే, ఆదివారం తెస్తారు, పాడు చేసుకుంటే మనసుకి కష్టంగా ఉంటాది. దయచేసి అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.


సోంపేట బేకర్:

చెల్లెమ్మా, నేను దోహాలో 11 ఏళ్ళు బేకరీ కిచెన్లో చేసి వచ్చాను, మా ఉద్దానం నుంచి గల్ఫ్ వెళ్ళినోళ్ళు ఎక్కువమంది వెల్డింగ్ పనికి వెళ్తారు గాని నాకు దేవుడి దయ వల్ల పిండి పని దొరికింది. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ తప్పు ఒక్కచోట లేదు, మూడు చోట్ల కొంచెం కొంచెం ఉంది, కాని మూడింటికీ మూలం ఒకటే, చల్లగా ఉండాల్సింది చల్లగా లేదు, వేడిగా ఉండాల్సింది వేడిగా లేదు.

ముందు పఫ్ ఎందుకు పొంగుతాదో తెలుసుకో, అది తెలిస్తే మిగతావి నువ్వే కనిపెట్టీగలవు. ఇందులో ఈస్ట్ లేదు, సోడా లేదు. పిండి పొరకీ పొరకీ మధ్య బటర్ పొర ఉంటాది, ఆ బటర్‌లో ఆరో వంతు దాకా నీరే. ఓవెన్ వేడి ఒక్కసారి తగిలేసరికి ఆ నీరు ఆవిరై పై పొరని లేపుతాది, ఆ లోపు బటర్ కరిగి పిండిని కరకరలాడేలా చేస్తాది. బటర్ అన్నది 32, 35 డిగ్రీలకే కరిగిపోతాది, మార్చిలో మన వంటగది మధ్యాహ్నం ఎంత ఉంటాదో నీకు తెలుసు కదా. నువ్వు ఒత్తుతుండగానే బటర్ కరిగి పిండిలో కలిసిపోయుంటాది, అంటే పొరలు ఓవెన్‌లోకి వెళ్ళకముందే పోయాయి. అందుకే చపాతీ లాగ వచ్చింది. బేకరీలో వాడేది బటర్ కాదు, పఫ్ కోసమే వచ్చే మార్గరీన్, అంటే నూనెతో చేసే గట్టి కొవ్వు, అది ఇంకా ఎక్కువ వేడికి గాని కరగదు, అందుకని వాళ్ళకి ఎండాకాలం కూడా పొరలు వస్తాయి. రుచి మాత్రం బటర్‌దే, నేను ఇంట్లో బటరే వాడతాను.

కొలత చెప్తాను రాసుకో. మైదా 250 గ్రాములు, బటర్ 150, ఐస్ నీళ్ళు 100 నుంచి 110 ఎం.ఎల్., వెనిగర్ ఒక చిన్న చెంచా, ఉప్పు చిటికెడు, మనకి దొరికే పసుపు బటర్‌లో ఉప్పు ముందే ఉంటాది. బటర్‌ని ఉసిరికాయంత ముక్కలు కోసి డీప్ ఫ్రిజ్‌లో 15 నిమిషాలు పెట్టు. మైదాలో ఆ ముక్కలు వేసి వేలికొసలతో ఒక్కసారి నొక్కు, నలిపీకు, ముక్కలు కంటికి కనిపించాలి. నీళ్ళు పోసి ముద్ద దగ్గరికి తెస్తే చాలు, చపాతీ పిండిలా మర్దించకూడదు. చూడ్డానికి గడ్డలు గడ్డలుగా అసహ్యంగా ఉంటాది, భయపడకు, అలాగే ఉండాలి. దాన్ని అడుగు పొడవు, అరడుగు వెడల్పు ఒత్తి ఇన్‌లాండ్ లెటర్ మడిచినట్టు మూడు మడతలు వెయ్యి. పక్కకి తిప్పి మళ్ళీ ఒత్తి మళ్ళీ మూడు మడతలు. అరగంట ఫ్రిజ్. మళ్ళీ రెండుసార్లు అలాగే. 4 సార్లు మడిస్తే లెక్కకి 81 పొరలు వస్తాయి. మధ్యలో ఎప్పుడైనా పిండి చేతికి జిడ్డుగా తగిలిందంటే ఆపీసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టీ, ఇంకొక్కసారి ఒత్తీసి పెడదాంలే అనుకోకు, అక్కడే పోతాది. పొద్దున్న 5, 6 గంటలకి చేస్తే మన ఊళ్ళల్లో సుఖం.

తర్వాత రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందంగా, అంటే 3 మిల్లీమీటర్లు ఒత్తి 12 సెంటీమీటర్ల చదరాలు కొయ్యి, పది వస్తాయి. కత్తి పదునుగా ఉండాలి, ఒక్క దెబ్బకి కింద దాకా నొక్కి కొయ్యాలి, రంపంలాగ లాగితే అంచు పొరలు అతుక్కుపోయి ఆ పక్క పొంగదు.

ఇక ఓవెన్. నువ్వన్న ఆ గుర్తుల నాబ్ మీద గీతలు ఉంటాయి చూడు, పైన గీత, కింద గీత, రెండూ. నాకైతే నువ్వు పైన రాడ్డు ఒక్కటే పెట్టీసావని అనిపిస్తంది, అందుకే పైన మాడి కింద పచ్చిగా ఉంది. రెండు రాడ్లూ వెయ్యి, 200 మీద 20 నిమిషాలు ఖాళీగా కాగనీ, ఖాళీ ట్రే కూడా లోపలే ఉంచు. పఫ్‌లు బటర్ పేపర్ మీద సిద్ధం చేసుకుని ఆ పేపర్‌తో సహా వేడి ట్రే మీదకి జార్చు. అడుగుకి వేడి తగలగానే పట్టుకుంటాది. మొదటి 15 నిమిషాలు కింది అరలో, తర్వాత మధ్య అరలోకి మార్చు, మొత్తం 25 నిమిషాల దాకా. మొదటి 15 నిమిషాలు తలుపు తియ్యకు తల్లీ, ఎంత ఆత్రం ఉన్నా.


బాబామెట్ట ఆపా:

పిండి సంగతి అన్నయ్య బాగా చెప్పారు, నేను మాంసం సంగతి చెప్తాను. అక్కా, మీ అత్తమ్మ గారి కూర ఎంత బాగున్నా దాన్ని కూరలాగ లోపల పెట్టకూడదు. గ్రేవీ ఉన్న ఏ కూరైనా పిండిని తడిపీస్తాది. మేము రంజాన్‌లో సమోసాలకి ఖైమా వండుతాం, ఒక్కరోజులో వందల్లో చేస్తాం ఇంటిల్లిపాదీ కూర్చుని, మా అమ్మీ చిన్నప్పటి నుంచి ఒకే మాట చెప్పేది, గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే ఆ దారి అలాగే ఉండాలి, నీరు గాని నూనె గాని వచ్చి దారి మూసీకూడదు. అప్పుడే దించాలి.

ఇంకోటి, విదేశీ వీడియోల్లో బీఫ్ చూసి ఆ లెక్కలు మనం పట్టుకోకూడదు. మన రాష్ట్రంలో ఆవుని కొయ్యడం 1977 చట్టం ప్రకారం నిషేధం, మనకి షాపులో వచ్చేది దున్న మాంసం. ఇది ముదురు ఎరుపు, కొవ్వు తెల్లగా ఉంటాది, వాళ్ళ ఖైమా కన్నా కొవ్వు బాగా తక్కువ, పీచు గట్టిది. వాళ్ళు పది నిమిషాలు వేయించి పెట్టీస్తారు, మనది అలా పెడితే నమిలితే రబ్బరు. తొడ మాంసం తీసుకుని, ముక్క కడిగి, నీరు పూర్తిగా ఓడ్చుకున్నాకే ఖైమా కొట్టించండి, మిషన్‌లో రెండుసార్లు వేయమనండి. ఖైమా కొట్టించాక కడిగితే అది స్పాంజి లాగ నీళ్ళు పట్టీసుకుంటాది, మీరు ఎంత వేయించినా ఆ నీరు పోదు.

అరకిలోకి రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా కోసి బాగా ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, తర్వాత ఖైమా. కుక్కర్లో పెట్టాలంటే నీళ్ళు పొయ్యకుండా రెండు మూడు విజిల్స్, తర్వాత వెడల్పు మూకుట్లో మార్చి పెద్ద మంట మీద ఇగరపెట్టాలి. టమాటా వెయ్యొద్దు, పెరుగు వెయ్యొద్దు. చీజ్‌లో ఉప్పు ఉంటాది, బటర్‌లో ఉప్పు ఉంటాది, అందుకని కూరలో మామూలుగా వేసే దాంట్లో సగం ఉప్పే. కారం కన్నా మిరియాల పొడి చీజ్‌కి బాగా పొత్తు కుదురుతాది, ఇది నా మాట మీద నమ్మకంతో వేసి చూడండి. ఆఖర్న వేయించిన బొంబాయి రవ్వ ఒక చెంచా చల్లితే మిగిలిన తడి కూడా లాగీసుకుంటాది.

తర్వాత వెడల్పు పళ్ళెంలో పల్చగా పరిచి ఫ్యాన్ కింద చల్లార్చి, వెంటనే ఫ్రిజ్‌లో రెండు గంటలు. ఎండాకాలం వండిన మాంసం గంట కన్నా ఎక్కువ బయట ఉంచకండి, పిల్లల కోసం చేస్తున్నారు కాబట్టి చెప్తున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు ఆ కొవ్వు గడ్డకట్టి ఖైమా ఉండ చుట్టుకునేట్టు ఉంటాది, అలా ఉంటే పఫ్‌లో పెట్టడం కూడా చాలా తేలిక. ఒక్కోదానికి రెండు చెంచాలు, అంతకన్నా ఆశపడితే పగులుద్ది.


సిక్కోలు కరెంటోడు:

నాకు వంట రాదు, మా ఆవిడ చదివి వినిపిస్తే కరెంటు సంగతి చెప్దామని రాస్తున్నాను, ఎందుకంటే ఎవరూ దాని గురించి ఆలోచించరు. మేడమ్, మీరు ఓవెన్ ఎన్ని గంటలకి పెట్టారు? సాయంత్రం ఆరు ఏడు గంటలకి అయితే మాత్రం అందరి ఇళ్ళల్లో ఏసీలు, మోటార్లు ఆన్ అయ్యి కొన్ని వీధుల్లో వోల్టేజీ 190 దాకా పడిపోతాది. హీటర్ రాడ్డు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గం (వోల్టేజీని దాంతోనే గుణిస్తే వచ్చేది) మీద ఆధారపడి ఉంటాది, అంటే 230 దగ్గర 1500 వాట్లు ఇచ్చే ఓవెన్ 190 దగ్గర వెయ్యి వాట్ల చిల్లరే ఇస్తాది. మూడో వంతు వేడి పోయినట్టే కదా. నాబ్ 200 మీద ఉన్నంత మాత్రాన లోపల 200 ఉండదు, ముఖ్యంగా తలుపు తీసి చల్లటి ట్రే పెట్టాక మళ్ళీ అక్కడికి ఎక్కడానికి చాలాసేపు పడుతాది, ఆ లోపు బటర్ మెల్లగా కరిగి కారిపోతాది.

ఓవెన్ లోపల పెట్టుకునే చిన్న థర్మామీటరు దొరుకుతాది, అది ఒకటి కొనుక్కుని రాడ్డుకి తగలకుండా అరకి వేలాడదీయండి, నాబ్ మీద అంకెని నమ్మకండి. పొద్దున్న చెయ్యమని అన్నగారు చెప్పింది కరెంటుకి కూడా మంచి మాట.

అన్నింటికన్నా ముఖ్యం, ప్లగ్. దయచేసి దాన్ని మామూలు 6 ఆంప్స్ సాకెట్లో కన్వర్టర్ పెట్టి గుచ్చకండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు. ఫ్రిజ్‌కీ గీజర్‌కీ పెట్టే లావు పిన్నుల 16 ఆంప్స్ పవర్ సాకెట్లోనే పెట్టాలి. నేను వైరింగ్ పనికి వెళ్ళిన ఇళ్ళల్లో ఇలాగే కరిగి నల్లబడిపోయిన సాకెట్లు చాలా చూసాను. ప్లగ్ పట్టుకుంటే వేడిగా ఉందంటే వెంటనే ఆపీయండి.


ఇజీనారం అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను, ఇంత ఓపిగ్గా ఎవరు చెప్తారండి. అన్నయ్యా, మీరు చెప్పింది నిజమే, వెళ్ళి నాబ్ చూసాను, పైన గీత ఒక్కటే ఉన్న గుర్తు మీద ఉంది, రెండుసార్లూ పైన రాడ్డుతోనే కాల్చీసాను. ఆపా, కూర కూడా వేడి వేడిగా గ్రేవీతోనే పెట్టీసాను, అత్తమ్మ అప్పుడే దించితే. కరెంటు అన్న చెప్పినట్టు సాయంత్రమే చేసాను, ప్లగ్ మాత్రం పవర్ ప్లగ్గే, ఆ భయం లేదు.

ఇంకో రెండు డౌట్లు. అంచులు ఎలాగ అతికించాలి, ఫోర్కుతో నొక్కినా విడిపోతన్నాయి. చీజ్ ఏది తెమ్మంటారు? ఇంకోటి కూడా, అత్తమ్మకి కూర ఇలాగ పొడిగా చెయ్యమని ఎలాగ చెప్పాలో తెలీట్లేదు, ఆవిడ కూరకి వంక పెట్టినట్టు అవుతాదేమో అని.


రాజాం పిన్ని:

అమ్మాయీ, నువ్వు కజ్జికాయలు చెయ్యవా? అంచు అతికించడానికి ఫోర్కులూ అవీ ఎందుకు, మన అమ్మమ్మలు కజ్జికాయ అంచు బొటనవేలితో చిన్న చిన్న మడతలు వేసుకుంటూ మెలిపెట్టుకుంటూ వెళ్ళేవారు కదా, అలా చేస్తే నూనెలో మరిగినా విడిపోదు, ఓవెన్ ఒక లెక్కా. చదరంగా కోసే బదులు గిన్నె బోర్లించి గుండ్రంగా కొయ్యి, సగానికి మడిచి, మడతలు వెయ్యి. అంచున వేలెడు వెడల్పు ఏమీ తగలకుండా ఖాళీ వదులు, అక్కడ కొవ్వు గాని ఖైమా గాని తగిలిందంటే పిండి పట్టుకోదు, నీదీ అదే అయ్యుంటాది. అంచుకి నీళ్ళు పల్చగా రాయి, ఎక్కువ రాస్తే జారిపోతాది. పైన గుడ్డు పచ్చసొనలో చెంచా పాలు కలిపి పూస్తారు కదా రంగుకి, అది అంచు పక్క నుంచి కిందకి కారకుండా చూడు, కారితే పొరలు అక్కడ అతుక్కుని లేవవు. పైన కత్తి మొనతో రెండు గాట్లు పెట్టు, ఆవిరి అక్కడి నుంచి పోతాది, దారి ఇవ్వకపోతే అది అంచు చీల్చుకుని పోతాది.

మా ఇంట్లో ఓవెన్ లేదు. నేను మందపాటి పాత అల్యూమినియం డేక్షాలో ఉప్పు రెండు వేళ్ళ మందం పోసి, స్టాండు పెట్టి, మూత మీద బరువు పెట్టి పావుగంట కాగనిచ్చి, ప్లేటులో పఫ్‌లు పెట్టి 35, 40 నిమిషాలు కాలుస్తాను. పైన రంగు రాదు, ఆఖర్న పెనం మీద ఒక్కసారి తిప్పితే వస్తాది. కుక్కర్‌తో చేసేవాళ్ళు రబ్బరు, విజిల్ రెండూ తీసీయండి, మర్చిపోవద్దు. ఓవెన్ ఉన్నదానివి నువ్వు అదృష్టవంతురాలివి.

అత్తగారి సంగతి, అడిగితే ఎవరికీ కోపం రాదమ్మా. మనవడి కోసం అని చెప్పి చూడు, ఆవిడే మూకుడు దగ్గర కూర్చుంటాది.


కళింగపట్నం ఓడ వంటోడు:

నేను సరుకు ఓడల్లో వంటమనిషిగా చేసాను, ఓడలో ఇంగ్లీషోళ్ళు ఉంటే పాస్టీ చెయ్యమని అడిగేవాళ్ళు. అది కూడా ఇలాంటిదే, ఇంగ్లాండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ అని ఉంది, అక్కడ తగరం గనుల్లో కూలీలు లోపలికి పట్టుకెళ్ళి తినేవాళ్ళంట. కార్నిష్ పాస్టీ అనే పేరుకి 2011లో యూరప్‌లో రక్షణ కూడా ఇచ్చారు, మన బందరు లడ్డుకీ తిరుపతి లడ్డుకీ ఉన్నట్టే అన్నమాట. దాంట్లో చీజ్ ఉండదు, బీఫ్, బంగాళదుంప, ఉల్లిపాయ, ముల్లంగి దుంప లాంటిది ఒకటి, అన్నీ పచ్చివే పెట్టి ముప్పావుగంట పైనే తక్కువ వేడి మీద కాలుస్తారు.

ఎందుకు చెప్తున్నానంటే, దానికి నేను చేసే పిండి పఫ్ పిండి కాదు. మైదా 250కి బటర్ 125 వేసి, రవ్వలాగ అయ్యేదాకా వేళ్ళతో నలిపీసి, నాలుగైదు చెంచాల చల్లటి నీళ్ళతో ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి ఒత్తీయడమే. మడతలు లేవు, పొరలు లేవు, బిస్కెట్ లాగ గుల్లగా విరుగుతాది. ఎండాకాలం బటర్ కరిగిపోతంది అని బాధపడేవాళ్ళకి ఇది చాలా నయం, ఎక్కువ తప్పులు క్షమిస్తాది. మీ బాబు పఫ్ అన్నాడు కాబట్టి పఫ్పే చెయ్యండి, కుదరకపోతే మాత్రం వదిలీకండి, దీనితో చేసినా తింటాడు. చికెన్ ఖైమాతో, మటన్ ఖైమాతో కూడా ఇదే పద్ధతి, బీఫ్ తిననివాళ్ళు అలా చేసుకోవచ్చు.


సోంపేట బేకర్:

చీజ్ సంగతి మర్చిపోయాను చెల్లెమ్మా. పిజ్జా చీజ్ అంటే మోజరెల్లా, అందులో నీరు ఎక్కువ, వేడికి సాగి ప్రవహించీ రకం, పిజ్జా మీద అయితే అందం, పఫ్‌లో అయితే దారి దొరికితే బయటకి పోతాది. నువ్వు మామూలు ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు తెచ్చుకో, రేకు కాగితంలో చుట్టి 25 గ్రాములవి వస్తాయి కదా, అందులో కొవ్వూ నీరూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు, వేడికి మెత్తబడుతాది గాని నీళ్ళలాగ పారదు. ఒక్కో పఫ్‌కి సగం క్యూబు, పదింటికి ఐదు క్యూబులు. తురమకు, ముక్కగానే పెట్టు. కింద ఒక చెంచా ఖైమా, మధ్యలో చీజ్ ముక్క, పైన ఇంకో చెంచా ఖైమా, అంటే చీజ్ పిండికి ఎక్కడా తగలకుండా మాంసం లోపల దాక్కోవాలి. సాగే చీజ్ కావాలని బాబు అంటే సగం అదీ సగం ఇదీ పెట్టు, మోజరెల్లాని ముందు టిష్యూతో ఒత్తి ఆరబెట్టు.

పఫ్‌లు చుట్టీసాక ఓవెన్ కాగేలోపు వాటిని బటర్ పేపర్‌తో సహా ఒక పళ్ళెంలో ఫ్రిజ్‌లో 20 నిమిషాలు పెట్టు, ఇది చాలామంది మానీస్తారు, కాని నా లెక్కలో సగం ఫలితం ఇక్కడే ఉంది. చేతి వేడికి మెత్తబడిన బటర్ మళ్ళీ బిగుసుకుంటాది. కావాలంటే ముందురోజు చేసి డీప్ ఫ్రిజ్‌లో గట్టిపడేలా పెట్టి, గట్టిపడ్డాక కవర్లో వేసుకో, బాబు బస్సు దిగి ఫోన్ చేసినప్పుడు ఓవెన్ ఆన్ చేసి గడ్డగా ఉన్నవే పెట్టీ, కరగనివ్వకు, ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతాది అంతే. పిల్లోడు ఇంట్లోకి వచ్చేసరికి వేడివేడిగా ఉంటాయి.

చేసాక ఎలాగ వచ్చిందో తప్పకుండా రాయి, నేను చూస్తుంటాను.


ఇజీనారం అమ్మ:

రాస్తానన్నాను కదా, రాస్తున్నాను. నిన్న ఆదివారం చేసాను.

పిన్నీ, మీరు చెప్పినట్టే అత్తమ్మకి చెప్పాను, మనవడికి పఫ్‌లో పెట్టాలంటే కూర పొడిగా ఉండాలంట అని. ఒక్క మాట అనలేదు, ఇనప మూకుడు దించమంది, శనివారమే తెప్పించిన ఖైమా తనే స్టూలు వేసుకుని పొయ్యి దగ్గర కూర్చుని గంట దాకా ఇగరపెట్టింది, మధ్య మధ్యలో గరిటెతో గీత గీసి చూడు చూడు అని నన్ను పిలిచింది. ఆపా, ఆ దారి మీరు చెప్పినట్టే మూసుకోకుండా ఉండిపోయింది. మిరియాలు మాత్రం ఆవిడ రోట్లో అప్పటికప్పుడు దంచి వేసింది, పొడి డబ్బా ముట్టుకోనివ్వలేదు. చల్లార్చి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టీసాను.

పిండి తెల్లవారుజామున ఐదింటికి మొదలెట్టాను, చర్చికి వెళ్ళేలోపు నాలుగు మడతలూ అయిపోయాయి. మూడోసారి ఒత్తుతుంటే ఒక చోట జిడ్డు తగిలింది, అన్నయ్య మాట గుర్తొచ్చి వెంటనే ఆపీసి ఫ్రిజ్‌లో పెట్టీసాను, పావుగంట పోయినా పర్వాలేదు అనుకుని. చర్చి నుంచి వచ్చి ఒత్తి, గిన్నెతో గుండ్రాలు కోసి, కజ్జికాయ మడతలు వేసి, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రాడ్లూ వేసి కాల్చాను. గుండ్రాలు కోస్తే పక్క ముక్కలు మిగిలాయి, ఎనిమిదే వచ్చాయి, ఆ ముక్కల మీద పంచదార చల్లి కాల్చితే అవీ బాగున్నాయి.

పన్నెండో నిమిషంలో అద్దంలోంచి చూస్తే అంచు పక్కన పొరలు ఒకదాని మీద ఒకటి పుస్తకం పేజీల్లాగ లేస్తన్నాయి, మా ఆడపడుచు కూతుర్ని పిలిచి చూపించాను, ఇద్దరం ఓవెన్ ముందు నేల మీద కూర్చుండిపోయాం. తలుపు తియ్యలేదు అన్నయ్యా. ఎనిమిదిలో ఒక్కటే విడిపోయింది, అది నేను ఖైమా ఎక్కువ పెట్టిన దాని వల్లే, మిగతా ఏడూ బిగువుగా ఉన్నాయి. తీసి తిప్పి చూసాను, అడుగు గోధుమ రంగు, గోటితో కొడితే టకటకా శబ్దం వచ్చింది. విరిస్తే పొరలు ఒళ్ళో రాలాయి, చీజ్ లోపలే మెత్తగా ఖైమాని పట్టుకుని ఉంది.

రంగు పైన ఇంకొంచెం వస్తే బాగుండు, ఆఖరి ఐదు నిమిషాలు పై అరలోకి మార్చి చూస్తాను ఈసారి. బాబు వచ్చే బుధవారం వస్తాడు, అన్నయ్య చెప్పినట్టు మంగళవారమే చేసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టీస్తాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగగానే ఫోన్ చెయ్యమన్నాను, అక్కడి నుంచి ఇంటికి ఆటోలో వచ్చేలోపు ఓవెన్ కాగుతాది, వాడు కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి కాలుతాయి.

అత్తమ్మ ఒకటి తిని, ఇంకోటి స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసింది. ఎవరికి అని అడిగితే, సాయంత్రం టీతో నాకే, ఎవరికీ చెప్పకు అంది.